మా అవ్వ ఉండింది ఉపవాసం కాదు

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామమున మీకందరికీ నా వందనాలు. నా పేరు ఏసురత్నం. ఈ దినం ఎవరిని తలుచుకోవడానికి మనం కూడినామో ఆ రూతమ్మ అవ్వకు నేను మనవణ్ణి, ఆమె చేతుల్లో పెరిగినవాణ్ణి. ఇప్పుడే పాస్టరు అయ్యగారు చెప్పినారు, నాలుగేండ్ల కిందట రూతమ్మగారు తాగుబోతు మనవడి కోసరం ఎనభై ఎనిమిదేండ్ల వయసులో మూడు వారాలు ఉపవాసముండి, ప్రాణం మీదికి తెచ్చుకొని, ప్రార్థనతో వాణ్ణి గెలుచుకున్నారని. మీరంతా ఆమెన్ అన్నారు. నేను అనలేదు. ఎందుకంటే మా అవ్వ ఉండింది ఉపవాసం కాదు! జరిగిందేమో తెలిసినవాళ్ళు ముగ్గురే, ఒకరు దేవుని దగ్గరికి పోయినారు, ఒకరు మన సంఘస్తురాలు కాదు, మిగిలింది నేను. విన్నాక మీరు నన్ను బయటికి పొమ్మన్నా పొమ్మంటారు, అయినా ఈ దినం చెప్పకుండా కూర్చోలేను.

ఆ దినాల్లో నాది బతుకే కాదు. పేర్ణాంబట్టులో షూ కంపెనీలో తోలు కుట్టే మిషను మీద పదేండ్లు కూర్చున్నవాణ్ణి, తాగి తాగి చేతులు వణికి, సూది వేలిలో దిగితే వాళ్ళు పొమ్మన్నారు. నా భార్య గ్రేసు అదే కంపెనీ బస్సెక్కి పొద్దున్నే పోయేది, సందెవేళకు వచ్చేది, ఆమె కష్టంతోనే ఇల్లు నడిచేది. ఆమె నాకు అప్పజెప్పిన పని ఒక్కటే, పొద్దున అవ్వకు షుగర్ మాత్ర ఇచ్చి, ఆమె తినిందా లేదా చూడడం. మాత్ర అయితే నా చేత్తోనే ఇచ్చేవాణ్ణి. తినిందా అని చూసేంత సేపు ఇంట్లో నిలిచేవాణ్ణి కాదు, బ్రాందీ షాపు తలుపు తీసే లోపల తాగడానికి దుడ్డిచ్చేవాణ్ణి ఎవరినో ఒకరిని పట్టుకోవాల గదా!

మా అవ్వ ఎట్లాంటి మనిషో మీకు తెలుసు. మేల్పాడిలో పుట్టి, చిన్న వయసులోనే గుడియాత్తం కోడలుగా వచ్చి, అగ్గిపుల్లలు పేర్చి, బీడీలు చుట్టి, మొగుడు పోయినా బిడ్డల్ని నిలబెట్టి, కూతురు జ్వరంతో పోతే ఆ కూతురి కొడుకుని, అంటే నన్ను, చంకన ఎత్తుకొని పెంచింది. కాట్పాడి స్టేషన్లో కదలతా ఉండే రైలును ఒక్క కేకతో ఆపిందని చెప్తారు, నేను చూడలేదు గానీ నమ్మతాను. ఇక్కడ పాట ఎత్తుకుంటే కీబోర్డు వాయించే తమ్ముడు ఆమె వెనకాల పరిగెత్తాల్సిందే గానీ ఆమె ఎవరి కోసరమూ ఆగేది కాదు. అయ్యగారి ప్రసంగం పొడుగైతే ముందు చాప మీద నుంచి 'అన్నం ఆరిపోతాది నాయనా' అని అందరికీ వినపడేటట్టే అనేది. అయ్యగారు నవ్వతా ఉండారు చూడండి! మా ఇంట్లో తెలుగు మాట్లాడతాము గానీ తెలుగు అక్షరం ఒక్కరికీ రాదు, ఇక్కడ మీలో సగం మంది అంతే గదా. నేను తమిళ బైబులు చూసి తెలుగులో చెప్తా ఉంటే, ఆమె కండ్లు మూసుకొని విని, నేను ఒక్క మాట మింగితే చాలు, 'యాడికి పోతావురా, వెనక్కి రా' అని పట్టుకునేది. తప్పు చేస్తే తిట్టకుండా వదిలిపెట్టిన దినం నా వయసులో లేదు.

ఆమెకు మన సంఘం ఒక పని అప్పజెప్పింది. గుప్పెడు బియ్యం. మన వీధిలో పది ఇండ్ల ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు దేవునికని పక్కన తీసిపెట్టి, శనివారం తెచ్చి అవ్వ దగ్గరుండే రేకు డబ్బాలో పోసేవాళ్ళు. నెలాఖరుకు ఆ డబ్బా చర్చికి వస్తే, దిక్కులేని తల్లులకు పంచేవాళ్ళు. ఆ డబ్బాకు మా అవ్వ ఏనాడూ తాళం వేయలేదు, దేవుని బియ్యానికి తాళమేంది అనేది.

సహోదరులారా, ఆ డబ్బాలో నేను చెయ్యి పెట్టినాను. బియ్యం కొలిచే పడి గిన్నెతో రెండు పడులు సంచిలో పోసుకొని, వీధి మలుపులో ఇడ్లీ అంగడి పెట్టుకున్న పచ్చియమ్మక్క దగ్గరికి పోయి, ఇంట్లో రేషన్ బియ్యం మిగిలినాది అక్కా అని అమ్మేసి, ఆ దుడ్డు తాగేసినాను. రుబ్బే బియ్యం గదా, ఎవరు చూస్తారు అనుకున్నాను. చూడండి నా తెలివి! పది ఇండ్ల బియ్యం అది. ఒకరిది రేషన్ బియ్యం, ఒకరిది ఉప్పుడు బియ్యం, ఒకరిది సన్న బియ్యం, పొట్టిదీ పొడుగుదీ తెల్లదీ పచ్చదీ అంతా కలిసి ఉంటాది, అట్లాంటిది ఏ అంగట్లోనూ దొరకదు. మరుసటి దినం అవ్వ ఇడ్లీ కోసరమని పోయి, పచ్చియమ్మక్క చేటలో చెరగతా ఉండే బియ్యాన్ని ఒక్క చూపు చూసింది, అంతే, అర్థమైపోయింది. ఇది నాకు తర్వాత తెలిసిన సంగతి. ఎవరికీ చెప్పొద్దని ఆ అక్క చేత వాళ్ళు మొక్కే గెంగమ్మ మీద ఒట్టు కూడా వేయించుకుందంట, మా అవ్వ!

ఇంటికి వచ్చి నన్ను తిట్టలేదు. ఒక్క మాట అనలేదు. నా మొగం చూసి, మళ్ళీ పొయ్యి వైపు తిరుక్కుంది. నాకు గుబులైంది గానీ తప్పించుకున్నానులే అనుకున్నాను.

ఆ దినం నుంచి ఆమె చేసింది ఇది. పొద్దున గ్రేసు బియ్యం కొలిస్తే, 'నా వంతు బియ్యం పక్కన పెట్టమ్మా, నేను మధ్యాన్నం వేడిగా వండుకుంటాను' అనేది. గ్రేసు బస్సెక్కినాక తన వంతు బియ్యం తీసుకొనిపోయి డబ్బాలో పోసేది. మధ్యాన్నానికి వంచిన గంజి తాగేది. రాత్రి గ్రేసు చూస్తాదని రెండు ముద్దలు తినేది. ఆకలికి తట్టుకోలేని ఒళ్ళు, దాని మీద నేనిచ్చే మాత్ర. ఇట్లా ఎన్ని దినాలు! నేను పోయి చూస్తే డబ్బా మళ్ళీ నిండతా ఉండాది. బైబులులో చెప్పిన, ఎంత తీసినా తరగని విధవరాలి పిండి తొట్టి మా ఇంట్లోనే ఉండాదే అని నవ్వుకొని, మళ్ళీ రెండు పడులు ఎత్తి బజారులో అమ్మేసినాను. ఈసారి నేను ఎత్తింది ఊరి బియ్యం కాదు, మా అవ్వ నోటి కాడ అన్నం. దాన్ని నేను తాగినాను!

మూడోసారి కోసరం పోయిన దినం చెప్తాను, ఇది చెప్పడానికే నాలుగేండ్లు పట్టింది. పొద్దున పదకొండు దాటినాది, తాగలేదు, మత్తులో చేసినానని చెప్పుకోవడానికి కూడా లేదు. ఇంట్లోకి వస్తే అవ్వ డబ్బా పక్కన నేల మీద పడుకొని ఉండాది, బియ్యం కొలిచే పడి గిన్నె చేతి పక్కన బోర్లా ఉండాది. నిద్రపోయిందనుకున్నాను. ఆమెను దాటి, డబ్బా మూత తీసినాను. దేవుడు సాక్షి, సంచి సగం నిండినాక గాని ఆమె ఊపిరి గుర్రుమని వస్తా ఉండేది నా చెవికి తగల్లేదు. తాకితే ఒళ్ళంతా చెమట, మంచులాగా చల్లగా ఉండాది. అవ్వా అవ్వా అని అరిస్తే పలకలేదు. నా అరుపుకు పచ్చియమ్మక్క పిండి చేతులతోనే పరిగెత్తి వచ్చింది, ఆటో పిలిచింది, ఇద్దరమూ ఎత్తుకొని పోయినాము.

గుడియాత్తంలో డాక్టరు వేలి నుంచి రక్తం తీసి చూసి, షుగర్ అడుక్కి పడిపోయింది అని గ్లూకోజ్ ఎక్కించినాడు. 'పాట్టి సాప్టాంగళా?' అని అడిగినాడు, అవ్వ తినిందా అని. 'సాప్టాంగ సార్' అన్నాను! తినిందని! భయపడితే అబద్ధమే ముందు వచ్చేది నా నోటికి. గంట గడిచినా ఆమె కండ్లు తెరవలేదు, వేలూరుకు తీసుకొని పొమ్మని అంబులెన్సు ఎక్కించినారు. పళ్ళికొండ దాటి హైవే ఎక్కినాక పచ్చియమ్మక్క నా చొక్కా పట్టుకుంది. ఒట్టు మాట ఇంక నా వల్ల కాదు అని, చేటలో బియ్యం సంగతి, తన వంతు బియ్యం డబ్బాలో పోస్తా ఉండానని అవ్వ తనతో చెప్పుకున్న సంగతి, తాను ఇడ్లీ ఇచ్చినా ముట్టని సంగతి, అంతా చెప్పింది. 'వేలూరు డాక్టరు అడిగినప్పుడైనా నిజం చెప్పప్పా, లేకపోతే నేను చెప్తాను' అనింది. మాత్ర ఇచ్చింది నేను, మెతుకు తీసుకున్నదీ నేను.

వేలూరులో పెద్దాసుపత్రి డాక్టరమ్మ ముందర నిలబడి, అవ్వ మూడు వారాలుగా సరిగ్గా తినలేదమ్మా, మాత్ర మాత్రం తప్పలేదు, తప్పు నాది అని చెప్పినాను. బియ్యం సంగతి చెప్పలేదు. ఈ వయసులో మెదడుకు దెబ్బ తగిలి ఉంటే లేవకపోవచ్చు, కాచుకోండి అనింది ఆమె. గ్రేసు కంపెనీ నుంచి నేరుగా వచ్చి, నా వైపు చూడకుండా లోపలికి పోయింది. నేను వరండాలో గోడకు తల ఆనించి, ఎన్నేండ్లకో నోరు తెరిచినాను. 'ప్రభువా, నేను నీ డబ్బాలో చెయ్యి పెట్టినాను. నా చేత్తోనే ఈమెను చంపుకుంటా ఉండాను. నన్ను తీసుకో అనేదానికి కూడా నేను పనికిరాను. ఆమెను ఒక్కసారి లేపు తండ్రీ, లేచి నన్ను తిట్టనీ!' ఇదే నా ప్రార్థన సహోదరులారా, ఇంతకన్నా చక్కటి మాటలు నాకు రాలేదు.

రెండో దినానికి తాగుడు లేక ఒళ్ళు కదిలిపోయింది, వాంతులు, గోడ మీద చీమలు పాకినట్టు కనపడడం, అక్కడి నర్సమ్మ చూసి నన్ను కూడా డాక్టరు దగ్గరికి నెట్టింది, మందులిచ్చినారు. పోదామా అని కాళ్ళు లాగినాయి, గేటు వరకు కూడా పోయినాను. పోతే ఈమె లేచినప్పుడు నేనుండను అని తిరిగి వచ్చినాను. నా కాళ్ళను తిప్పింది నేను కాదు, దేవునికే మహిమ!

మూడో దినం పొద్దున ఆమె కండ్లు తెరిచింది. గ్రేసును చూసింది, పైప్ చూసింది, నన్ను చూసింది. 'పోయి స్నానం చెయ్యిరా, గబ్బు కొడతా ఉండావు' అనింది. స్తోత్రం! నేను ఆ మంచం కోడు పట్టుకొని ఏడ్చినాను.

ఊరికి వచ్చేసరికి మీరంతా ఉపవాసం అని పేరు పెట్టేసినారు. అవ్వ అవునన్లేదు, కాదన్లేదు, 'అది నాకూ దేవునికీ తెలుసు' అని ఊరుకుంది. నాతో మాత్రం ఒక మాట చెప్పింది. 'తాగుడు మానడం సగమేరా. పదిమందిలో నిలబడి చెప్పిన దినం నీకు పూర్తిగా విడుదల. నేను చెప్పను, అది నీ నోటితోనే రావాల.' నేను అప్పటినుంచి ఒక్క చుక్క తాగలేదు, మిషను పని మళ్ళీ దొరికినాది, గ్రేసు మళ్ళీ నా మొగం చూసి మాట్లాడతాది. కానీ ప్రతి ఆదివారం సాక్ష్యాల వేళకు అవ్వ ముందు చాప మీద నుంచి వెనక్కి తిరిగి నా వైపు చూసేది. నేను లేచి, ప్రభువు వారమంతా కాపాడినాడు, జ్వరం తగ్గించినాడు, స్తోత్రం అని కూర్చునేవాణ్ణి. ఆమె ఏమీ అనకుండా ముందుకు తిరిగేది. మూడేండ్లు అట్లా చూసింది. పోయిన ఏడాది, తొంభై ఒకటో ఏట, కండ్లు మూసే వారం కూడా చూసింది. అప్పుడు కూడా నేను లేవలేదు సహోదరులారా. ఆమె విని పోవాల్సిన మాట ఆమె లేనప్పుడు చెప్తా ఉండాను.

అందుకే మిమ్మల్ని బతిమాలుకుంటాను. మీలో ఎవరన్నా దాచిపెట్టుకున్నది ఉంటే, మీ మాట కోసరం ఎదురుచూసే మనిషి బతికి ఉండగానే చెప్పేయండి. మన దేవుడు దొంగను తరిమేవాడు కాదు, నన్ను చూసి నమ్మండి, ఆయన దగ్గరికి రండి. ఇక్కడ కూర్చోనుండే తల్లులారా, ఆ నెల మీ ఇంట్లో ఉడికిన బియ్యంలో మా అవ్వ అన్నం ఉండాది, మీకు తెలీదు. మీ బియ్యాన్ని నేను దొంగిలించినాను, నన్ను క్షమించండి. కూడిక అయినాక నేను వాకిలి దగ్గర నిలబడతాను. తిట్టాలనుకుంటే తిట్టండి, కొట్టాలనుకుంటే కొట్టండి. ఏమీ అనకుండా మాత్రం నన్ను దాటి పోవద్దండి.