చీనీ కొమ్మల ఫ్లెక్స్

ప్రొద్దుటూరులో రహమతుల్లా ఫ్లెక్సుల షాపులో ప్రసన్నకుమారి డిజైనర్‌గా చేసేది. నోరు దురుసని పేరున్నా, ఆమె పని బాగుంటుందని పులివెందుల నుంచి కూడా వచ్చేవాళ్లు.

అలా వచ్చినవాడే ఆదినారాయణ, పెద్ద చీనీతోట, అంటే బత్తాయితోట, ఉన్న రైతు. శ్రావణమాసంలో గండి ఆంజనేయస్వామి భక్తులకు మజ్జిగ పోయిస్తున్నానని, ఫ్లెక్సులో స్వామి వెనక తన తోట కనపడాలని చెప్పి తోట ఫోటో పంపాడు. ఫోటో మసకగా ఉంది. ఆమె అందులో ఒక కొమ్మను మాత్రం కత్తిరించి కంప్యూటర్‌లో కెలిడోస్కోప్ ఎఫెక్ట్ పెట్టింది. ఒకే ముక్కను అద్దంలో చూపినట్టు తిప్పి నాలుగు వైపులా అతికిస్తుందది. ఆకులూ కాయలూ కలిసి పెద్ద ముగ్గులా విచ్చుకున్నాయి. ఆమెకు ముచ్చటేసింది.

శనివారం పొద్దున ఆదినారాయణ మనుషులతో వచ్చి ఫ్లెక్సును ఆమె టేబుల్ మీదికి విసిరాడు.

“మా స్వామి యెనకాల మీ శిలువ పెట్నావేందిమ్మా?”

విప్పి చూస్తే కొమ్మలు నడుమ కలిసినచోట శిలువలాగే ఉంది. అప్పటిదాకా ఆమె కంట పడలేదు. ఫైలు తెరిచి, నాలుగు ముక్కలు చేస్తే కొమ్మలు అలా కలుస్తాయని చెప్పి, నాలుగును ఆరు చేసింది. శిలువ పోయి ఆరు రేకుల పువ్వొచ్చింది.

“తీసేది తెలుసు గదా. అంటే తెలిసే పెట్నావు,” అన్నాడతను.

డిజైన్ చేసింది చర్చికి పోయే మనిషని ఎవరో చెప్పాకే అన్నకు శిలువ కనపడిందని వెంట వచ్చినవాడొకడు నోరుజారాడు. ఆమెకు ఒళ్లు మండింది. రహమతుల్లా మాత్రం కొత్తది ఊరికే కొట్టిస్తానని ఆదినారాయణను బతిమాలుకున్నాడు. తప్పయిందని ఒక్క మాట అనమని ఆమెకు సైగ చేశాడు.

“తోట నీది, కొమ్మ నీది. సూసే కండ్లు గూడా నీవే,” అంది ఆమె ఆదినారాయణతో. “బొమ్మ నాదప్పా. నీకియ్యను.”

వాళ్ల ముందే ఫైలు చెరిపేసింది. ఆ మధ్యాహ్నమే రహమతుల్లా ఆమెను పని మాన్పించాడు.

మరుసటి వారం గండిలో పసుపురంగు ఫ్లెక్స్ లేచింది. అందులో స్వామి కంటే ఆదినారాయణే పెద్దగా ఉన్నాడు. ఆమెకు పని ఇవ్వొద్దని అతను పులివెందులంతా చెప్పించాడు. చాలామంది విన్నారు కూడా. ఇప్పుడామె జమ్మలమడుగులో ఒక స్టూడియోలో పెళ్లి ఆల్బములు చేస్తోంది. ఎన్నికలప్పుడు పని ఎక్కువై రమ్మని రహమతుల్లా ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఆ బొమ్మను చెరిపినందుకు మాత్రం అప్పుడప్పుడూ ఆమెకు తన మీద తనకే కోపం వస్తుంది.