నల్ల బీరు బాగుండాదన్నందుకు

పోయిన నెల బెంగళూరులో మా అమ్మాయి, దాని ఆఫీసు స్నేహితులు కలిసి మమ్మల్ని ఒక చోటికి తీసుకుపోయినారు. బీరు అక్కడే తయారుచేసి అక్కడే పోస్తారట, గోడకున్న పలక మీద, ఈ చలికాలానికి మాత్రమే అని ఒక నల్ల బీరు పేరు రాసి పెట్టినారు. పిల్లలంతా గ్లాసులు వెలుతురుకెత్తి చూసి, ఒకరు కాఫీ వాసన అని, ఒకరు చాక్లెట్ అని, ఇంకొకరు ఎండుద్రాక్ష అని తీర్పులు చెప్పుకుంటా ఉంటే, ఆ గ్లాసులు తెచ్చిన అబ్బాయి నా వైపు తిరిగి, ఆంటీకి నిమ్మరసం తెమ్మంటారా అన్నాడు. నాకూ అదే పోయమన్నాను. పిల్లలంతా గ్లాసులు దించి నా వైపు తిరిగినారు. మా ఆయన ఒక్కడే ఏమీ జరగనట్టు తన నిమ్మరసం తాను కలుపుకుంటా కూర్చున్నాడు, ఎందుకంటే ఆయనకు ఈ సంగతంతా పెళ్ళికి ముందే తెలుసు. రెండు గుక్కలు తాగి, సరుకు మంచిదే గానీ మరీ చల్లగా తెచ్చినారు, కాసేపు బల్ల మీద పెట్టి తాగండి అని చెప్పినాను. పిల్లలు నవ్వినారు. వాళ్ళకేం తెలుసు, బీరు గురించి నేను చెప్పిన మొదటి తీర్పుకు ఖరీదుగా ఒక సంబంధం పోగొట్టుకున్నానని.

మాది హిందూపురంలో బెల్లం మండీ. మా వీధిలో పిల్లలకు నడక కన్నా ముందు బేరం వస్తుంది. నేనైతే చిన్నప్పుడు బస్సు కండక్టరుతో కూడా బేరమాడబోయి బస్సంతా నవ్వులపాలైనదాన్ని, గాజులామె దగ్గర గంటసేపు గీచి గీచి గెలిచి, ఇంటికొచ్చి డజనులో రెండు విరిగినవి చూసుకున్నదాన్ని. అంత తెలివి నాది. అయితే ఒక్క విషయంలో మాత్రం మా ఇంట్లో నా మాటకు ఎదురుండేది కాదు. మా నాయన ఆకు, వక్క, పొగాకు నమిలి నమిలి నాలుక ఎప్పుడో పోగొట్టుకున్నాడు. మా అన్నలిద్దరూ ఏది నోట్లో పెట్టినా బాగుందనే రకం. అందుకని నేను అయిదో తరగతి చదివేటప్పటి నుంచే బెల్లం రుచి చూసే పని నా మీద పడింది. రైతు బండి దింపి అచ్చు పగలగొట్టి ఇస్తే, ముందు వాసన చూడాలి, తర్వాత చిటికెడు నాలుక మీద పెట్టి అంగిట్లో ఒత్తి ఆగాలి. ఉప్పు నేలలో పండిన చెరకైతే నాలుక పక్కలకు తెలుస్తుంది, పాకం మాడితే గొంతు చెప్తుంది. కంటికి పసుపుగా మెరిసే అచ్చంతా మంచిదీ కాదు, నల్లగా ఉన్నదంతా చెడ్డదీ కాదు. ఇది మా నాయన నాకు నేర్పిన చదువు, బడిలో నేర్చుకున్నదాని కన్నా ఇదే ఎక్కువ అక్కరకొచ్చింది.

తొంభైల్లో మన ఆంధ్రాలో మద్యనిషేధం పెట్టిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. మా హిందూపురం మగవాళ్ళకు ఆ నిషేధం పెద్ద కష్టమేమీ కాలేదు, బస్సెక్కి కాసేపు కూర్చుంటే కర్ణాటక వచ్చేస్తుంది కాబట్టి. సరిహద్దు దాటిన చోట రోడ్డు పక్కన మా చిన్నాయనకు ఒక హోటలు, దానికి ఆనుకుని లైసెన్సు బారు ఉండేది. అంతకు ముందు ఈగలు తోలుకుంటా కూర్చునే మనిషి, నిషేధం వచ్చినాక సాయంత్రమైతే చెమట తుడుచుకోవడానికి కూడా తీరిక లేనివాడైపోయినాడు.

ఆ ఏడు చలికాలం నేనూ మా నాయనా కర్ణాటక వైపు పల్లెల్లో కొత్త బెల్లం చూసి వస్తా, మధ్యాహ్నం భోజనానికి చిన్నాయన హోటల్లో దిగినాము. వంటింటి వెనక వాకిట్లో చిన్నాయన, బెంగళూరు నుంచి వచ్చిన బీరు కంపెనీ ఏజెంటు జగడమాడుతున్నారు. ఏజెంటు చలి నెలల్లో మాత్రమే వచ్చే నల్ల బీరని చెప్పి బండెడు పెట్టెలు దించిపోయినాడట. తాగినవాళ్ళంతా, చెడిపోయిన సరుకు పోస్తావా అని సీసాలు చిన్నాయన మొహాన పెట్టిపోతున్నారట.

"గటారు నీళ్ళ మాదిరుండాది. ఎత్తుకోని పో," అంటున్నాడు చిన్నాయన.

"అణ్ణా, దీని రంగే ఇంతణ్ణా. కావాలంటే నీ ముందరే తాగి చూపిస్తా."

"దుడ్లిస్తే నువ్వు కిరసనాయిలైనా తాగుతావులే."

ఇద్దరిలో ఎవరూ తగ్గేలా లేరు. అప్పుడు చిన్నాయన కన్ను నా మీద పడింది. "అన్నా, పాపతో చూపిద్దామా?" అన్నాడు మా నాయనతో.

మా నాయన నోట్లో ఆకు ఒక పక్కకు తోసుకుని, "అది మన సరుకు కాదు కదరా," అన్నాడు.

"నల్లగుండాది, తియ్యగుండాది అంటాండాడు. ఇంక బెల్లానికీ దానికీ ఏం తేడా?"

మా నాయన కొంచెంసేపు నమిలి, "చూడు పాపా. మింగద్దు," అన్నాడు.

ఐసు డ్రమ్ములోంచి తీసిన సీసా విప్పి స్టీలు లోటాలో పోసినారు. మొదట నాకేమీ తెలియలేదు, చల్లదనం, చేదు, అంతే. చల్లారిన బెల్లానికీ వేడి బెల్లానికీ వాసనలో ఎంత తేడా ఉంటుందో తెలిసినదాన్ని కాబట్టి, లోటా తీసుకుపోయి వెనక మెట్టు మీద ఎండలో పెట్టి, మేము అన్నం తిని వచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దన్నాను. వచ్చి వాసన చూస్తే అది వేరే సరుకు. మా అవ్వ రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, పెనం మీద వేయించేటప్పుడు ఇల్లంతా కమ్ముకునే వాసన అందులో ఉంది. నోట్లో పెట్టుకుంటే ముందు చేదు తగిలి, ఆ చేదు వెనకనే పాకం ముదిరి ఎర్రబారి, ఇంకొక్క క్షణం ఉంటే మాడిపోతుందనగా పొయ్యిలోంచి మంట లాగేసినప్పటి బెల్లం రుచి వచ్చింది. గొంతు సంగతి తెలియాలంటే మింగక తప్పదు. మింగినాను. గొంతు గీరుకోలేదు. అనుమానం తీరక ఇంకొక గుక్క కూడా మింగినాను.

"చెడిపోలేదు చిన్నాయనా. మీరే ఐసులో పెట్టి చంపినారు. తీపి ఒక్కటి కొంచెం ఎక్కువ," అన్నాను.

ఏజెంటు ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు ఎక్కువసేపు ఉండనియ్యలేదు. ఎట్లా పోయాలో చెప్పకుండా సరుకు దించిపోయిన తప్పు మీదే, చలి పోయేసరికి మిగిలిన పెట్టెలన్నీ మీరే వాపసు తీసుకోవాలి అని పట్టుకున్నాను.

"ఏనమ్మా, నువ్వు మా పక్కనా, వాళ్ళ పక్కనా?" అన్నాడు పాపం.

"సరుకు పక్క," అన్నాను. ఆ జవాబుకు నేనే మురిసిపోయి, హిందూపురం చేరేదాకా బస్సులో నాలో నేను నవ్వుకుంటానే ఉన్నాను.

మురిపెం ఎంతో కాలం నిలవలేదు. చిన్నాయన నల్ల బీరు అమ్ముకోవడానికి ఒక మంచి ఉపాయం కనిపెట్టినాడు. అడిగినవాడికీ అడగనివాడికీ, ఇది మా బెల్లం మండీ పాప చూసి బాగుందన్న సరుకప్పా అని చెప్పి పోసినాడు. తాగినవాళ్ళు ఆఖరు బస్సులో హిందూపురం మోసుకొచ్చినారు. నేను తాగిన రెండు గుక్కలు పెనుకొండ దాటేసరికి ఒక సీసా అయి, ధర్మవరం చేరేసరికి మూడు సీసాలై, నేను బారులో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటానని కూడా అయిందట.

ధర్మవరం ఎందుకు చెప్తున్నానంటే, అక్కడ ఒక పట్టుచీరల అంగడి వాళ్ళబ్బాయితో నాకు అప్పటికే మాటలు నడుస్తుండినాయి. అబ్బాయి ఒకసారి చూసిపోయినాడు. మా ఇంట్లో బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగ తిని, బెల్లం మంచిది అన్నాడు. నన్ను చూడడానికి వచ్చినవాళ్ళలో బెల్లం సంగతి ఎత్తినవాడు ఆయనొక్కడే. నాకు నచ్చినాడు. ఈ వయసులో దాచుకునేదేముంది, చాలా నచ్చినాడు.

పుకారు విన్నాక వాళ్ళు సంబంధం అక్కడికక్కడే తెంచెయ్యలేదు, మర్యాదస్తులు. రెండు ఊళ్ళకూ మధ్యన పెనుకొండలో మా మేనత్త ఇల్లుంది, అక్కడ కూర్చుని మాట్లాడుకుందామన్నారు. మేము దిగీ దిగకముందే అత్త నన్ను లోపలికి లాక్కుపోయి, "అడిగితే లేదను. అంతకు మించి నోరు తెరవాకు," అని పాఠం చెప్పింది. మా అన్నలదీ అదే మాట. మా నాయన మాత్రం ఒక పక్కన ఆకు నముల్తా కూర్చున్నాడు.

అబ్బాయి వాళ్ళమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మెత్తగానే అడిగింది. "ఊరు వెయ్యి అంటాదమ్మా. నువ్వు తాగలేదని ఒక్క మాట చెప్పు, మేము పోయి ముహూర్తం పెట్టించుకుంటాము."

"రుచి చూసినానమ్మా," అన్నాను.

ఆమె కూడా అంగడి మనిషే, తొందరపడలేదు. ధర దించి, నాకు అందుబాటులోకి తెచ్చి పెట్టింది. "తెలీక నోట్లో పెట్టుకున్నింటావు. కంపు కొట్టింటాది. ఉమ్మేసింటావు. అంతే కదా?"

తల ఊపితే చాలు. అబ్బాయి ఎదురుగానే ఉన్నాడు, నేను తల ఊపాలని ఆయన కోరుకుంటున్నట్టు కూడా తెలుస్తోంది. ఎందుకు ఊపలేకపోయినానో అప్పుడు ఎవరికీ చెప్పలేకపోయినాను, మీకు చెప్తాను. బండి దింపిన రైతు నా ముఖంలోకి చూస్తా నిలబడినప్పుడు మంచి బెల్లాన్ని బాగాలేదంటే ఆయన ఏడాది కష్టం పోతుంది, చెడ్డదాన్ని బాగుందంటే మా మండీ పేరు పోతుంది. ఇద్దరు మగపిల్లలున్న ఇంట్లో ఆడపిల్ల మాట చెల్లిన చోటు అదొక్కటే. ఎవరి మెప్పు కోసమైనా ఒక మంచి సరుకును కంపు అని చెప్పిన రోజు, నా దగ్గర ఇంక ఏముంటుంది? ఆ మాటను పెనుకొండలో దించేసి ధర్మవరం పోతే, పోయేది నేనెట్లవుతాను?

"లేదమ్మా, మింగినా. బాగుండాది," అన్నాను. అక్కడితో ఆగి ఉంటే ఏమో గానీ, అలవాటైన నోరు కదా, "తీపి కొంచెం ఎక్కువ," అని కూడా అనేసినాను.

అబ్బాయి తలెత్తినాడు. పెదవి కదిలింది, నవ్వు వచ్చేటట్టే ఉండె. వాళ్ళమ్మ ఆయన వైపు చూసింది, ఆయన తల దించుకున్నాడు. అత్త తెచ్చిన కాఫీలు తెచ్చినట్టే ఉండిపోయినాయి.

వాళ్ళు పోయినాక అత్త నన్ను తిట్టిన తిట్లు చెప్పను. "చూసినానన్నావు, సరే. ఉమ్మేసినా అనేదానికేం రోగమే నీకు?" అన్నది మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది. మా నాయన నన్ను తీసుకుని బస్టాండుకు నడిచినాడు. బస్సు వచ్చి నిలబడినాక, "తీపి ఎక్కువని చెప్పే పనేముండె పాపా," అన్నాడు.

"ఎక్కువే నాయనా."

"అయితే సరేలే," అని ముందు ఎక్కి, నాకు కిటికీ పక్కన చోటు పట్టినాడు. ఆ కిటికీ వైపు తిరిగి హిందూపురం దాకా ఏడ్చినాను. మధ్యలో ఏడుపు ఆపి మళ్ళీ మొదటి నుంచి ఆలోచించుకుని చూసినాను, అప్పటికీ బీరు బాగుందనే అనిపించింది.

ఆ తర్వాత వచ్చిన రెండు సంబంధాలు ఆ కథ చెవినపడగానే వెనక్కి పోయినాయి. మూడోసారి వచ్చినాయనకు కాఫీ గ్లాసు చేతికివ్వక ముందే నేనే చెప్పేసినాను. ఆయన కొంచెం ఆలోచించి, నాకైతే ఆ వాసన పడదు, మీరు తాగేటప్పుడు నేను అవతల కూర్చుంటాను అన్నాడు. అట్లా కుదిరింది మా పెళ్ళి. రెండువేలు దాటిన కొత్తల్లో.

పెళ్ళి చీరలకు ధర్మవరం పోతే, ఆ వీధి వద్దని అత్త ఎంత మొత్తుకున్నా నేను సరిగ్గా ఆ అంగడి మెట్లే ఎక్కినాను. అబ్బాయి లేడు, వాళ్ళమ్మ కూర్చుని ఉంది. గుర్తుపట్టింది. ఇద్దరమూ గుర్తుపట్టనట్టే ఉండి, ఆమె చీరలు పరిస్తే నేను చూసి, ధర దగ్గర పట్టుకున్నాము. బేరం నడుమ అత్త వేరే చీరలు చూడటానికి అవతలికి పోగానే ఆమె నా వైపు వంగి, గొంతు తగ్గించి, "నిజం చెప్పమ్మా, అంత బాగుంటాదా అది?" అని అడిగింది. వేయించిన రాగుల వాసన, ముదిరిన పాకం రుచి, అన్నీ చెప్పినాను. చీర మడత పెట్టడం ఆపి విన్నది. "మా ఇంట్లో మొగోళ్ళు ఇన్నేళ్ళు తాగినారు, ఎట్లుంటాదని ఒకరూ చెప్పల్యా," అన్నది. చీర ధర మాత్రం పైసా దించలేదు. నేనూ ఇంకొక గంట కదల్లేదు.

ఇప్పుడు బెల్లం ప్లాస్టిక్ సంచుల్లో వస్తోంది, చిటికెడు తుంచి చూపించేవాడూ లేడు, చూసి చెప్పమని అడిగేవాడూ లేడు. మొన్న మా అమ్మాయికి ఒక సంబంధం మాటలు నడిచినప్పుడు, అబ్బాయి తల్లి ఫోనులో, మీ అమ్మాయి ఏమైనా తాగుతుందా అని నన్నడిగింది. నేను కొంగు బిగించి జగడానికి సిద్ధమయ్యేలోపే, పక్కనే వింటున్న మా అమ్మాయి నా చేతిలోంచి ఫోను లాక్కుని, చలికాలంలో అప్పుడప్పుడు ఒక గ్లాసండీ అనేసింది. ఆవిడ, మావాడూ అంతేలేమ్మా అని, పుట్టిన టైము అడిగింది. అంతే, అయిపోయింది. బిగించిన కొంగుతో నేను అట్లానే నిలబడిపోయినాను. మన కాలంలో ఆడపిల్ల నోటినుంచి ఒక నిజం మాట ఎంత పలికేదో మీకు తెలుసు, ఇప్పుడు అది వీళ్ళకు ఇంత చవగ్గా దొరుకుతోంది. దొరకనీ, సంతోషమే. కానీ అంగడిలో పుట్టినదాన్ని కదా, నేను కొన్న సరుకు ధర తర్వాత ఇట్లా పడిపోతే లోపల ఎక్కడో కలుక్కుమంటుంది. అయినా చెప్తున్నాను, ఎక్కువ పెట్టి కొన్నానని మాత్రం ఏ రోజూ అనుకోలేదు.