పురిటింటి కషాయం

నిన్న పొద్దున మా మనుమరాలు ఓ కాగితపు పొట్లం చింపి, వేడినీళ్లలో పొడి కలిపి, "జలుబుకు మంచిదట నానమ్మా, తాగు" అని కప్పు నా ముందు పెట్టింది. వాము, శొంఠి, కాస్త మిరియం. ఆవిరి ముక్కుకు తగలగానే చాచిన చెయ్యి దానంతట అదే వెనక్కి పోయింది. ఎనభై ఏళ్లు దాటినా ఆ వాసనకు నేను ముందు బెదురుతాను, తరువాతే తాగుతాను.

రామన్నపేటకు దగ్గర్లోని మా ఊళ్లో పుష్యమాసపు చలి అంటే మాటలు కాదు. పొద్దెక్కేదాకా జొన్నచేల మీద మంచు కదిలేది కాదు, మేము పిల్లలం గొంగళ్లు కప్పుకొని అవ్వ పొయ్యి చుట్టూ చేరి, ఉప్పేసిన వేడి జొన్నజావను ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ తాగేవాళ్లం. దగ్గొస్తే తులసాకూ మిరియాలూ కాచి పోసేది అవ్వ. నేను సగం తాగి సగం బూడిదలో ఒంపేదాన్ని, ఆమెకు తెలిసేది, వీపు మీద ఒకటి పడేది. వాము కషాయం మాత్రం మాకు దక్కేది కాదు. మూకుట్లో వాము చిటపటమనేదాకా వేయించి, శొంఠి కొమ్ము రోట్లో నలగ్గొట్టి, బెల్లం వేసి, కుండెడు నీళ్లు సగమయ్యేదాకా మరిగించే ఆ కషాయం బాలింతలది. ఆ వాసన వాకిలి దాటిందంటే ఆ ఇంట్లో కాన్పయిందని వాడంతటికీ తెలిసిపోయేది. వేపమండలు కట్టిన ఆ గది గడప పదిరోజుల దాకా ఏ మగవాడూ తొక్కేవాడు కాదు.

నాకు ఆరేళ్లప్పుడు మా ఇంట్లో ఆ కుండ పొయ్యెక్కింది. తమ్ముడు పుట్టాడు. పేరు పెట్టకముందే, తొమ్మిదోనాడు పోయాడు. అవ్వ కుండ కడిగి అటుక మీద బోర్లించింది. అమ్మ ఏడవలేదు, మాట్లాడటమే తగ్గించేసింది. వాడి మాట ఎత్తొద్దని ఎవరూ నాకు చెప్పలేదు, అయినా నేను ఎత్తలేదు.

మరుసటి చలికాలానికి, నిజాం మీదా దొరల మీదా తిరగబడ్డ సంఘం రోజులు ముదిరాయి. మా బాపు తమ్ముడు, చిన్నాయన, సంఘంలో తిరిగేవాడు. నెలరోజులు మంచులో చేలల్లో పడుకొని రొమ్ము పట్టేసి, ఒక తెల్లవారుజామున ఇంటికొచ్చాడు. ఖల్లు ఖల్లుమని ఒకటే దగ్గు. అవ్వ ఆయన్ను లోపలి గదిలో వడ్ల గుమ్మి వెనక పడుకోబెట్టింది. పొద్దెక్కాక, బాపు చేనికి పోయిన కాసేపటికే, పోలీసులు ఊళ్లోకి దిగి ఇల్లిల్లూ వెతుకుతున్నారని కబురొచ్చింది. దొరికితే ప్రాణాలతో వదలరని నాక్కూడా తెలుసు.

అవ్వ అటుక ఎక్కి ఆ కుండ దించింది. అమ్మ కుండ వైపు చూసి అక్కడే నిలబడిపోయింది.

"ఒక్క పూట బాలింత లెక్క పండుకో బిడ్డా," అన్నది అవ్వ మెల్లగా. "వీన్నన్న దక్కించుకుందాం."

అమ్మ చెవులకు గుడ్డ కట్టుకొని, పాత చీర ఒకటి ఉండలా చుట్టి పక్కలో పెట్టుకొని, గుమ్మి ముందరి మంచమెక్కింది. అవ్వ ఆ గది గడపకు వేపమండలు కట్టి, మంచం కింద కుంపటి పెట్టి, కషాయం మరిగించింది. మొదటి గ్లాసు గుమ్మి వెనకకే పోయింది.

ముగ్గురొచ్చారు. ఇద్దరు పశువుల కొట్టంలో గడ్డి పొడుస్తుంటే, నెరిసిన గడ్డమున్న పెద్దాయన లోపలికొచ్చి వేపమండలు చూసి గడప ఇవతలే ఆగాడు. చలికి ఆయన వేళ్లు కొంకర్లు పోయి ఉన్నాయి. "జర తాగు నాయినా," అని అవ్వ ఇత్తడి గ్లాసు చేతికిచ్చింది. ఆయన రెండు గుక్కలు తాగాడో లేదో, లోపల దగ్గు వినిపించింది. ఆపుకోబోయి ఆపుకోలేని దగ్గు. వెంటనే అమ్మ కూడా దగ్గింది, కానీ ముందటిది ఆడమనిషి దగ్గు కాదని నాకే తెలిసిపోయింది.

గ్లాసు దించి ఆయన నా వైపు చూశాడు.

"ఏం పుట్టిండే బిడ్డా?"

"తమ్ముడు," అన్నాను.

"పేరేంది?"

"ఇంక పెట్టలే."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. మిగిలిన కషాయం తాగేసి, గ్లాసు అరుగు మీద పెట్టి, "ఖుదా సల్లగ సూడాలె. నూరేండ్లు బతకాలె," అని, కొట్టంలోని వాళ్లను పిలుచుకొని వెళ్లిపోయాడు. ఆయనకు తెలిసిందో తెలియలేదో నేనిప్పటికీ చెప్పలేను.

వాళ్లు వీధి మలుపు తిరిగాక అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. "తమ్ముడని సెప్పుమని నీకెవలు నేర్పిండ్రే?"

"ఎవలు నేర్పలే. పుట్టిండు గద," అన్నాను.

అప్పుడు ఏడ్చింది అమ్మ. ఏడాదిగా లోపల దాచుకున్నదంతా నన్ను పట్టుకొని ఏడ్చింది. గుమ్మి వెనక చిన్నాయన కూడా ఏడుస్తున్నాడు.

ఆ తరువాత పోలీసు చర్య వచ్చింది, నిజాం రాజ్యం పోయింది, రోజులు మారాయి. చిన్నాయన తొంభై దాకా బతికాడు. ప్రతి చలికాలం వచ్చి "వదినే, నా కషాయమేది?" అని కూర్చునేవాడు. "వానికిచ్చిన ఆయుష్షు నీకు దొరికింది," అంటూ అమ్మ పోసేది. తను మాత్రం ఆ కషాయం మళ్లీ ముట్టలేదు.

మా పుట్టింట గుమ్మి లేదు, అటుక లేదు, రోలు తులసికోట పక్కన బోర్లా పడి ఉంది. ఇప్పుడు వాము వాసనొస్తే జలుబు చేసిందా అని అడుగుతారు, గడప దగ్గర ఎవరూ ఆగరు. నిన్న కప్పు ముందు పెట్టుకొని నేను అలాగే కూర్చోవడం చూసి మనుమరాలు పక్కనే చతికిలబడింది. నేను ఒక్కగానొక్క కూతురినని ఇన్నాళ్లూ అనుకున్న పిల్ల.

"నాకో తమ్ముడుండె," అన్నాను.

"అవునా? పేరేంది నానమ్మా?"

"ఇంక పెట్టలే."