పిప్పికి సున్నా వేయని సారు

నర్సింలు సారు బోధన్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో అకౌంట్స్ చెబుతాడు. నలభై ఏడేళ్లుంటాయి. ఆయన దగ్గర చదువుకున్న పిల్లల్ని నిద్రలో లేపి ఆస్తి అప్పుల పట్టీ అడిగినా తడుముకోకుండా చెబుతారు. అలాంటి మనిషి ఎం.కాం.లో కాస్ట్ అకౌంటింగ్ పేపరు ఒకసారి కాదు, రెండుసార్లు తప్పాడంటే ఎవరైనా ముక్కున వేలేసుకోవాల్సిందే. స్టాఫ్‌రూములో కొందరు వేలు తీసేసి నవ్వుకున్నారు కూడా. నవ్వేవాళ్లకేం, నవ్వుతారు. ఆయన ఎందుకు తప్పాడో తెలిసుంటే మాత్రం ఆ నవ్వు సగంలోనే ఆగిపోయేది.

ఎడపల్లి దాటాక కాలువ పక్కన ఒకప్పుడు ఒక ఖండసారి మిల్లు ఉండేది. పెద్ద ఫ్యాక్టరీ ఏమీ కాదు. చెరకు ఆడించి, రసం పెద్ద పెద్ద పెనాల్లో కాచి, ముడి చక్కెర తీసే మిల్లు. బి.కాం. చదివిన నర్సింలు అందులో పద్నాలుగేళ్లు గుమాస్తాగా ఉన్నాడు. ఆయనకంటే ముందు నుంచే ఆయన తల్లి పెంటవ్వ అక్కడ కూలి. రసం పిండాక మిగిలే చెరకు పిప్పిని ఎండేయడం ఆమె పని. చుట్టుపక్కల చెరకు వేసేవాళ్లు తగ్గి వరికి మళ్లాక మిల్లు మూతపడింది. ఆ సమయంలో కాలేజీలో అకౌంట్స్ సారు సెలవు పెడితే, నాలుగు రోజులు వచ్చి పాఠం చెప్పమని నర్సింలును పిలిచారు. ఆ నాలుగు రోజులు తొమ్మిదేళ్లయ్యాయి.

మిల్లులో అందరూ "ఓ నర్సింలు" అని కేకేసే మనిషి, పొద్దున్నే క్లాసులోకి అడుగుపెడితే యాభై మంది లేచి నిలబడతారు. మొదటి రోజు ఆయన వెనక్కి తిరిగి చూశాడట, వెనకాల ఎవరైనా పెద్దమనిషి వస్తున్నాడేమోనని. ఆ సంగతి ఆయనే చెప్పి నవ్వుతాడు. చదువు చెప్పడమంటే ఆయనకు ప్రాణం. ఆ సుద్దముక్క చేతిలోంచి పోతే తనకు ఇంకేం మిగలదని ఆయనకు బాగా తెలుసు.

అది పోయే రోజు దగ్గరపడింది. ప్రిన్సిపాల్ రవీందర్, ఆయనకంటే ఎనిమిదేళ్లు చిన్నవాడు, మంచివాడే, గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు.

"నర్సింలన్నా, నా చేతిల ఏం లేదే. జూన్‌ల బోర్డోళ్లు తనిఖీకొస్తరు. పీజీ లేనోళ్ల పేరు లిస్టుల పెట్టరాదని ఖరాఖండిగ చెప్పిండ్రు. ఒక్క పేపరే గద నీకు మిగిలింది? ఎట్లన్న జేసి గట్టెక్కు. నిన్ను పొమ్మననీకె నాకు నోరు రాదు."

దూరవిద్యలో చేరిన ఎం.కాం. పూర్తి చేయాల్సిన గడువు అప్పటికే దగ్గరపడింది. ఈ వేసవి పరీక్షే ఆఖరు. ఈసారి తప్పితే డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే కాలేజీ లేదు. నర్సింలు సరేనని తలూపి బయటికొచ్చాడు గానీ, ఆ రోజు మధ్యాహ్నం క్లాసులో ఒకే లెక్కను బోర్డు మీద రెండుసార్లు వేశాడు. పిల్లలు చెప్పేదాకా ఆయనకు తెలియనే లేదు.

ఆయనను గట్టెక్కించడానికి వచ్చింది ఉదయశ్రీ. ఒకప్పుడు ఆయన దగ్గరే ఇంటర్ చదివిన పిల్ల, ఇప్పుడు నిజామాబాద్‌లో ఉండి ఎం.కాం. పూర్తి చేస్తోంది. వాళ్ల తాత వీరరాఘవయ్య కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద భూమి కొన్న రైతు. వాళ్ల చెరకు బండ్లు ఆ మిల్లుకే వచ్చేవి. పిల్ల ఇక్కడే పుట్టి పెరిగినా మాట మాత్రం ఇంట్లో మాట్లాడే మాటే. సారు రెండోసారి తప్పాడని తెలిసి, జవాబు పత్రాల నకలుకు దరఖాస్తు పెట్టించింది ఆమే. అవి చేతికొచ్చాక ఒక ఆదివారం పొద్దున సారు ఇంటికి వచ్చి, వసారాలో చాప మీద కూర్చుని రెండు పత్రాలూ ముందేసుకుంది. గడప పక్కన పెంటవ్వ చింతపండులో గింజలు తీస్తోంది.

ఉదయశ్రీ చాలాసేపు చదివి తలెత్తింది.

"మాస్టారూ, రెండుసార్లూ మీ కొంప ముంచింది ఒకే రకం ప్రశ్నండీ. ఇదిగో, మొదటిసారి చక్కెర మిల్లు లెక్క. వంద టన్నుల చెరకు ఆడిస్తే ముప్పై టన్నులు పిప్పి పోతుంది, అది సాధారణ నష్టం, దానికి విలువ లేదు అని ప్రశ్నలోనే ఇచ్చాడు. మీరేమో పిప్పికి ధర కట్టారు. ఎండబెట్టే కూలీ అని ఇంకో పద్దు కూడా రాశారు. మొదటి ఖాతా అక్కడే తప్పింది. అందులోంచి తెచ్చి రాయాల్సినవి గనక మిగతా రెండు ఖాతాలూ తప్పాయి."

"రెండోసారి చక్కెర మిల్లు రాలేదు గదమ్మా," అన్నాడు నర్సింలు.

"రైసు మిల్లు వచ్చింది. ఊకకు ధర కట్టారు."

నర్సింలు రెండో పత్రం అందుకుని ఊక పద్దు వెతికి చూసుకున్నాడు. ఉదయశ్రీకి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. గురువు గనక రెండూ మింగేసింది.

"ఎందుకు మాస్టారూ? ప్రశ్నలో లేనిది రాయకూడదని మాకు చెప్పింది మీరే కదా!"

"ప్రశ్న రాసినాయిన మిల్లు జూసిండా బిడ్డా?" అన్నాడాయన. గొంతు పెరిగింది. "పిప్పి లేకుంటే పొయ్యి ఏడిది? పొయ్యి లేకుంటే రసం ఏం గాచుడు, చక్కెర ఏం దీసుడు? మిల్లుల మొత్తానికి కట్టె కొననేలేదు మేము. పిప్పే మాకు కట్టె. దాన్ని పట్టుకొని నష్టం అంటడు, విలువ లేదంటడు. పద్నాలుగేండ్లు నేను రాసిన లెక్కలు అబద్ధమా?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనడం ఆయన స్వభావం కాదు. పాఠంలో తప్పు దొర్లితే పిల్లల ముందే ఒప్పుకునే మనిషి. ఈ ఒక్కచోట మాత్రం మొండికేశాడు. ఆ మొండితనం లెక్క గురించి కాదని ఉదయశ్రీకి అప్పుడు తెలియదు. పక్కన చింతపండు ముందున్న ముసలామెకు అర్థమైంది.

ఖండసారి మిల్లులో గానుగ నుంచి పిప్పి తడితడిగా బయటపడుతుంది. ఆడవాళ్లు దాన్ని గంపలకెత్తుకుని కళ్లంలోకి మోసుకుపోయి, పలచగా పరిచి, ఎండ తిరిగినప్పుడల్లా తిరగేసి, సాయంత్రానికి కుప్ప వేయాలి. అది బాగా ఎండకపోతే పొయ్యి పొగచూరుతుంది తప్ప మండదు, రసం కాగదు, పులిసిపోతుంది. మబ్బు పట్టిందంటే మిల్లు యజమాని చక్కెర బస్తాల వైపు పరుగెత్తడు, పిప్పి వైపు పరుగెత్తుతాడు. ఆ కళ్లంలో పెంటవ్వ ముప్పై నాలుగు సీజన్లు పనిచేసింది. పిప్పి పీచు అరచేతుల్లో గుచ్చుకుని పుండ్లయ్యేవి. దాని నూగు గొంతులోకి పోయి, చలికాలం వస్తే ఇప్పటికీ దగ్గు ఆగదు. నర్సింలు స్కూలు ఫీజు, బి.కాం. పుస్తకాలు, అన్నీ ఆ కళ్లంలోంచే వచ్చాయి. అలాంటి పిప్పి ఎదురుగా సున్నా వేయమంటే ఆయన చేయి ఎలా వస్తుంది? ఎవరికైనా రాదు.

పెంటవ్వ చింతపండు పళ్లెం పక్కకు జరిపింది.

"ఏందిరా నర్సిగా, నువ్వు తప్పింది పిప్పి మీదనా? నీకు లెక్కలొస్తలేవేమో అనుకున్న ఇన్ని దినాలు."

నర్సింలు పత్రాలు మడిచి పక్కన పెట్టాడు. ఉదయశ్రీయే నిదానంగా చెప్పింది. "పరీక్షలో పిప్పికి విలువ లేదని రాయాలవ్వా. సారు రాయనంటున్నారు."

"విలువ లేదని రాస్తే పాసైతడా?"

"అవుతారు."

"రాయకుంటే?"

"కాలేజీలో ఉంచరట అవ్వా."

పెంటవ్వ కొడుకు వైపు చూసింది. పిచ్చివాణ్ని చూసినట్టే చూసింది.

"నీ తెలివి సల్లగుండ. కాగితం మీద సున్న రాస్తే నేను జేసిన పని ఏడికన్న వోతదా? అయితే అయిపాయె, ఎన్నడో అయిపాయె. గా కొలువు వోతే నువ్వు ఏడికి వోతవురా? మల్ల మిల్లు తెరుస్తరా నీ కోసం? నీకు అక్షరం రావాలెనని నేను గంప మోసిన. పిప్పి కోసం మోయలేదు. రాయి, సున్న రాసి పాసైపో."

"అట్ల కాదే అవ్వా..."

"అట్లనే. ఈ పిల్ల జెప్పినట్టు రాయి."

ఆ తర్వాత రెండు నెలలు ప్రతి ఆదివారం ఉదయశ్రీ వచ్చింది. ఒకప్పుడు తనకు చివాట్లు పెట్టి లెక్కలు నేర్పిన మాస్టారుకు ఇప్పుడు తాను ఎర్ర పెన్నుతో తప్పులు కొట్టేది. "ఇదిగో, మళ్లీ ప్రశ్నలో లేనిది రాశారు," అనేది. ఆయన క్లాసు పిల్లాడిలా చేతులు కట్టుకుని "తప్పైందమ్మా" అనేవాడు. నర్సింలు మిగతా అన్నీ ఇట్టే చేసేవాడు. నష్టానికి విలువ లేదన్న లెక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క క్షణం పెన్ను ఆగేది. ఆగి, రాసేవాడు.

పరీక్ష రోజు నిజామాబాద్‌లో ఎండ మండుతోంది. బోధన్ నుంచి పొద్దుటి బస్సుకే వచ్చి, సెంటరు బయట గోడ నీడన నిలబడ్డాడు. చుట్టూ అందరూ పాతికేళ్లలోపు వాళ్లే. ఒకడు ఆయనను ఇన్విజిలేటరనుకుని నమస్తే పెట్టాడు. హాలులో ప్రశ్నపత్రం తిప్పి చూస్తే, పెద్ద ప్రశ్నల్లో మొదటిదే చక్కెర మిల్లు. పాత ప్రశ్నే, అంకెలు మార్చారంతే. ఈసారి రెండు వందల టన్నుల చెరకు. పిప్పి అరవై టన్నులు. విలువ లేదు.

దాన్ని వదిలేసి ముందు మిగతావన్నీ రాశాడు. ఇంకా నలభై నిమిషాలున్నాయి. అది రాయకపోతే మార్కులు చాలవని లెక్క వేసుకోకుండానే తెలుసు. మళ్లీ మొదటి పేజీకి వచ్చాడు. ఖాతా గీశాడు. చెరకు రాశాడు, కూలీ రాశాడు, ఖర్చులు రాశాడు. సాధారణ నష్టం అని రాసి, టన్నుల గడిలో అరవై వేశాడు. రూపాయల గడి ఖాళీగా ఉంది. తల్లి గంపెత్తుకుని వంగి నడవడం కళ్లకు కట్టింది. ఎంతసేపు చూస్తూ కూర్చున్నాడో, పక్క వరసలో అమ్మాయి అదనపు పేపరు అడిగి తీసుకుంటే మెలకువ వచ్చినట్టయింది. సున్న రాసి పాసైపో అన్నది కదా అవ్వ, అనుకున్నాడు. సున్నా వేశాడు.

వేశాక లెక్క గలగలా సాగింది. మొదటి ఖాతా రెండో ఖాతాలోకి, రెండోది మూడోదాంట్లోకి ఎక్కడా పైసా తేడా లేకుండా పోయింది. రెండు వైపులా కుదిరింది. తన తల్లి లేకుండానే మిల్లు మొత్తం నడిచిపోయింది. అదే ఆయనకు తట్టుకోలేనంత బాధ అనిపించింది. పేపరు ఇచ్చేసి బయటికి వచ్చి, చాయ్ బండి దగ్గర కప్పు చేతికి తీసుకున్నాడు గానీ తాగలేకపోయాడు.

ఫలితాలు జూన్ మొదటి వారంలో వచ్చాయి. ఉదయశ్రీ ఫోన్ చేసి, "మాస్టారూ, అరవై ఒకటి! ఇక మిమ్మల్ని ఎవరూ కదల్చలేరు!" అని అరిచింది. కాలేజీకి పోతే రవీందర్ లేచొచ్చి కావలించుకుని, అక్కడికక్కడే లిస్టులో పేరు రాసి చూపించాడు. వెనకాల నవ్వినవాళ్లు కూడా మిఠాయి తెప్పించమన్నారు. నర్సింలు తెప్పించాడు. ఆనందం లేకపోలేదు, ఉంది. తొమ్మిదేళ్లు గట్టు అంచు మీద నిలబడినట్టు నిలబడ్డ మనిషి ఆ రోజు నిబ్బరంగా నేల మీద నిలబడ్డాడు. సాయంత్రం ఒక జిలేబీ పొట్లం తీసుకుని ఇంటికి పోయాడు.

పెంటవ్వ వసారాలో కూర్చుని ఉంది. కొడుకు మొహం చూసే కనిపెట్టింది.

"పాసైనవా?"

"పాసైన అవ్వా. ఎం.కాం. అయిపాయె."

"మరి సున్న రాసినవా?"

"రాసిన."

"మంచిగ జేసినవు," అంది. జిలేబీ ఒకటి తీసి నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలింది. ఇంకొకటి తీసుకోలేదు. వేళ్లు కొంగుకు తుడుచుకుని అడిగింది.

"గా పుస్తకం రాసినోల్లు, గా ప్రశ్న రాసినోల్లు, పెద్ద సదువులు సదివినోల్లే గదరా?"

"సదివినోల్లే అవ్వా."

"మరి వాల్లకు ఎవ్వరు జెప్పలేదా?"

కోపంతో అడగలేదు. నిష్ఠూరమూ కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. ముప్పై నాలుగేళ్లు తాను చేసిన పని సంగతి అంత పెద్ద చదువులవాళ్ల దాకా ఎందుకు పోలేదో ఆమెకు అర్థం కాలేదు.

"ఎవ్వరు జెప్పలేదవ్వా," అన్నాడు నర్సింలు. అంటూనే ఏడ్చాడు. పరీక్ష హాల్లో ఆపుకున్నదంతా ఇక్కడ ఆగలేదు. తల్లి మోకాలు పట్టుకుని, పీజీ చేసిన మనిషి, యాభైకి దగ్గరపడ్డ మనిషి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పెంటవ్వ ఆయన తల మీద చేయి వేసింది. ఏడుపు తగ్గేదాకా ఉంచింది.

"మరి నువ్వు జెప్పు. రేపు కాలేజిల పోరలకు గీ ముచ్చట జెప్పు," అంది. కాస్త ఆలోచించి, మళ్లీ అంది. "పరీక్షల మాత్రం రాయొద్దని గూడ జెప్పు."