నిద్రపుచ్చనన్న మత్తు డాక్టరు

మా అమ్మమ్మ మత్తు డాక్టరు. ఆవిడ మాట్లాడటం మొదలుపెడితే ఇంట్లో అందరికీ కళ్లు మూతలు పడతాయి కాబట్టి, మందులతో ఆవిడకు పెద్దగా పని లేదని నా నమ్మకం. ఈ మాట ఆవిడ ముందే అంటాను. "చదువు అబ్బనివాడికి వెటకారం ఎక్కువ" అంటుంది. నిజమే. నాకు చదువు అబ్బలేదు, ఆవిడకు చదువు తప్ప ఇంకోటి అబ్బలేదు. టీ పెట్టమంటే గిన్నె మాడ్చి పెడుతుంది. అందుకే ఇద్దరికీ బాగా కుదిరింది.

మనిషి పొట్టి, మొండితనం మాత్రం నిలువెత్తు. ఉద్యోగం నుంచి దిగిపోయినా, కష్టమైన కేసు వస్తే ఆసుపత్రివాళ్లు ఇప్పటికీ ఆవిడకే ఫోన్ చేస్తారు. అలా వచ్చిందే కండక్టరమ్మ కేసు.

కండక్టరమ్మ మా వీధి మీదుగా వెళ్లే సిటీ బస్సులో పనిచేసేది. ఆమె ఒక్క కేక వేస్తే వెనక సీట్లో గుర్రుపెట్టేవాడు కూడా ఉలిక్కిపడి టికెట్ తీసుకునేవాడు. అలాంటి మనిషికి ముక్కు లోపల గట్టిగా కండ పెరిగింది. ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బట. దాని పేరు పలకబోతే నాకు నోరు తిరగలేదు, రాయబోతే పెన్ను తిరగలేదు. ముక్కు రెండువైపులా మూసుకుపోయి, ఆ కండ గొంతులోకి పాకింది. పడుకుంటే ఊపిరి ఆడక, రాత్రంతా కుర్చీలో కూర్చునే కునుకు తీసేది.

వేరే ఆసుపత్రిలో ఆపరేషన్ చేద్దామని ఒకసారి మత్తిచ్చారు. నిద్ర పట్టగానే గొంతు సడలి, మిగిలిన ఆ కాస్త దారీ మూసుకుపోయింది. మాస్కు పెట్టి ఎంత నొక్కినా గాలి లోపలికి పోలేదు. ఎలాగో తిరిగి లేపారు. ఆ తర్వాత అందరూ చేతులెత్తేశారు. మెడకు చిల్లు పెట్టి, అందులోంచి ఊపిరి పీల్చుకోవడమే గతి అన్నారు.

"చిల్లు పెడితే నేను కేకలెక్కణ్ణుంచి వెయ్యాలి డాక్టరమ్మా, మెడలోంచా?" అంది కండక్టరమ్మ. ఆమెకు ఊపిరీ కావాలి, గొంతూ కావాలి.

"నిన్ను నిద్రపుచ్చను" అంది అమ్మమ్మ. "మెలకువగా ఉండగానే నీ నోట్లోంచి ఊపిరిగొట్టం వేస్తాను. అది లోపల పడ్డాకే మత్తు."

"నిద్రపుచ్చకపోతే నువ్వేం మత్తు డాక్టరువి?"

"నాకూ అదే అనుమానం. ఇంకో మాట విను. నా వల్ల కాకపోతే సర్జన్ అప్పటికప్పుడు మెడకు చిల్లు పెడతాడు. నీ గొంతు కోసం నీ ప్రాణం మీదికి తేను. దీనికి ఒప్పుకుంటేనే మొదలుపెడతాను."

కండక్టరమ్మ కిటికీలోంచి రోడ్డు వైపు చూసింది. "ఒప్పుకుంటా. కానీ ముందు నువ్వు చెయ్యగలిగిందంతా చెయ్యి. కత్తి ఆ తర్వాతే."

ఆపరేషన్ థియేటర్లో నేను లేను. కొంత అమ్మమ్మ చెప్పింది, కొంత అక్కడున్న నర్సు చెప్పింది. ఇద్దరి మాటా కలవని చోట నర్సు మాటే నమ్మాను.

సర్జన్‌ది మంచి చెయ్యే, కాకపోతే తొందర ఎక్కువ. "మేడమ్, మెలకువలో ఉంటే దగ్గుతుంది, కదులుతుంది. ఆ కండకు గొట్టం తగిలితే నెత్తురు. కొంచెం మత్తు గ్యాస్ ఇవ్వండి" అన్నాడు.

"ఆ కొంచెంతోనే కదా మొన్న చావబోయింది."

"ప్రతిసారీ అలా జరగదు కదా."

"అయితే నువ్వు పడుకో నాయనా, నీకిస్తాను."

అమ్మమ్మ కండక్టరమ్మను కూర్చోబెట్టే ఆక్సిజన్ పెట్టింది. గొంతు మొద్దుబారేలా మందు చల్లింది. కత్తి దిగాల్సి వస్తే ఎక్కడ దిగాలో మెడ మీద పెన్నుతో గుర్తు పెట్టింది. "ఇప్పుడు నీ బస్సు స్టాపులు వరసగా కేకెయ్యి. నీ గొంతు వినపడినంతసేపూ నీకు ఊపిరీ తెలివీ ఉన్నట్టు. గొట్టం స్వరపేటిక దాటగానే మాట ఆగిపోతుంది. భయపడకు, గాలి ఆడుతూనే ఉంటుంది."

కెమెరా ఉన్న సన్నని తీగకు గొట్టం తొడిగి నోట్లోకి పంపింది. తీగ అడ్డం పడి గడియార స్తంభం కాస్తా "గయార్ అంభం" అయింది. పాత మార్కెట్ "పాఅ మాఎట్" అయింది. తర్వాత "ఆఉపత్రి" అంది.

అమ్మమ్మ తీగ మొత్తం బయటికి లాగేసింది. "సినిమా హాలేది? మార్కెట్ తర్వాత సినిమా హాలు కదా! మగతగా ఉందా? నా వైపు చూడు!"

సర్జన్ కత్తి అందుకున్నాడు.

కండక్టరమ్మ దగ్గి, ఊపిరి తీసుకుని, "బస్సెక్కి ఎన్నాళ్లయింది డాక్టరమ్మా? ఆ స్టాపు ఎత్తేశారు!" అంది.

పాపం, ఆవిడకెలా తెలుస్తుంది? కొన్నాళ్లుగా నా స్కూటర్ వెనక కూర్చుని, దారి పొడుగునా నన్ను తిట్టుకుంటూ ఆసుపత్రికి వెళ్తోంది.

నర్సు నవ్వాపుకోలేకపోయింది. సర్జన్‌కు మాత్రం నవ్వు రాలేదు. "లేని స్టాపు కోసం సగంలో లాగేశారు. ఇంక చాలు మేడమ్, గ్యాస్ ఇచ్చేద్దాం."

"మళ్లీ అనుమానం వస్తే మళ్లీ లాగేస్తాను. పొరపాటు పడితే నా పరువు పోతుంది, అంతే. నీ మాట వింటే మనిషే పోతుంది. నీకు తొందరైతే ఇక్కడే నిలబడి తొందరపడు."

రెండోసారి మొదలుపెట్టే ముందు కండక్టరమ్మ తనే అంది: "నీ కోసం పాత రూటే చెప్తాలే."

బస్టాండు, గడియార స్తంభం, పాత మార్కెట్ వచ్చాయి. "ఇనిమా" అంటుండగా మాట తెగిపోయింది. తెర మీద ఊపిరి గీత కొండలా లేచి దిగింది, మళ్లీ లేచింది. కండక్టరమ్మ బల్ల అంచు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసింది, బస్సు కదలొచ్చన్నట్టు. అప్పుడిచ్చింది అమ్మమ్మ మత్తు.

కండ తీసేశారు. సర్జన్ గ్లౌజులు విప్పుతూ "అయిపోయింది, గొట్టం తీసేయండి" అన్నాడు.

"అయిపోయింది నీ పని. లోపల వాపుంటుంది. కళ్లు తెరవాలి, తల ఎత్తాలి, నా వేలు గట్టిగా పట్టుకోవాలి. అంతదాకా తియ్యను."

"బయట ఇంకో పేషెంట్ ఉన్నాడు మేడమ్."

"వాడికి ఊపిరి ఆడుతోందిగా, ఉండనీ."

కండక్టరమ్మ కళ్లు తెరిచింది. తల ఎత్తింది. వేలు ఎంత గట్టిగా పట్టుకుందంటే, అమ్మమ్మ ఆ వేలు నాకు వారం పాటు చూపించింది. అప్పుడు తీసింది గొట్టం. కండక్టరమ్మ దగ్గింది, ఎర్రగా ఉమ్మింది. సర్జన్ వైపు చూసి, తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టున్న గొంతుతో, "ఈయన నా మెడ వైపే చూస్తాడేం ఇంకా?" అంది.

గొంతు ఉంది.

సర్జన్‌కు అప్పుడు నవ్వొచ్చింది. అయినా ఊరుకోలేదు. "ఇలా అయితే రోజుకు ఒక్క ఆపరేషనే అవుతుంది మేడమ్."

"అవనీ" అంది అమ్మమ్మ.