మల్లన్న మీద ఒట్టు, పవర్ బటన్

ఆ రోజుల్లో నాకు వచ్చిన విద్యంతా వేళ్ల చివర్లోనే ఉండేది, తలదాకా ఇంకా ఎక్కలేదు. మార్కాపురంలో ఒక లాడ్జీల యజమాని ఆఫీసులో సిస్టమ్ ఆపరేటరుగా చేరి రెండు నెలలు. (పెద్దారవీడులో మా నాయన ఆ ఉద్యోగం వచ్చినందుకు కృతజ్ఞతా కూడిక పెట్టించి, పాస్టరుగారితో ప్రార్థన చేయించి, పేటంతటికీ పలావు వండించాడు. అది పోతే ఏ మొహం పెట్టుకుని ఊళ్లోకి పోను?) శ్రీశైలం దారిలోని దోర్నాల లాడ్జీలో, గదుల బుకింగులన్నీ దాచే లినక్స్ సర్వరును మార్కాపురం నుంచే చూసుకోవడం నా పని. అక్కడ కౌంటరులో కూర్చునే పెద్దాయన్ని అందరం మామ అనేవాళ్లం. సర్వరు మొరాయిస్తే చాలు, మామ ప్లగ్గు పీకి మళ్లీ పెట్టేవాడు. ఫైళ్లు పాడవుతాయని గొడవపడి, నేను ఎదురుగా లేనిదే దాన్ని ముట్టుకోనని ఆయన చేత శ్రీశైలం మల్లన్న మీద ఒట్టు వేయించాను.

కార్తీకమాసంలో ఒక శనివారం పొద్దున సర్వరును రీస్టార్ట్ చేయాల్సి వచ్చింది. అంతా పద్ధతి ప్రకారమే చేశాను. పది నిమిషాల్లో ఆగుతుందని ముందే లాడ్జీ వాళ్ల తెర మీద కబురు పెట్టాను, చేస్తున్న పని సేవ్ చేసుకోమన్నాను, డేటాబేసును మెల్లగా ఆపాను. ఆఖరున, మళ్లీ టైపు చేయడమెందుకని పై బాణం మీట నొక్కితే ఏదో పాత కమాండు వచ్చింది. చదవకుండా ఎంటర్ కొట్టాను. అది రీస్టార్ట్ కాదు, పవరాఫ్! ఎంత భద్రంగా ఆగిపోయిందో చెప్పలేను. ఆపడమైతే ఇక్కడినుంచి అయింది గానీ, మళ్లీ లేపాలంటే అక్కడ ఒక మనిషి వేలు కావాలి. వెంటనే ఫోన్ చేశాను.

"మామా, ఆ బటన్ ఒక్కసారి నొక్కు."

"నేనెట్ల నొక్కేది కోడలా? మల్లన్న మీద ఒట్టు పెట్టించుకుంటివి గదా."

"ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు మామా!"

"కార్తీకమాసంలోనా? ఏంది నువ్వు మాట్లాడేది? బస్సెక్కి రా."

ఫోన్లో భక్తుల కేకలు వినబడుతున్నాయి. ఎవరికి ఏ గది బుక్కయిందో ఆ సర్వరుకు తప్ప ఎవరికీ తెలియదు. బస్సు ఆగిన ప్రతిచోటా నా ఉద్యోగం దిగిపోతున్నట్టే అనిపించింది. దారంతా యేసయ్యను వేడుకున్నాను (మధ్యలో ఒకసారి మల్లన్నను కూడా).

వెళ్లి బటన్ నొక్కాను. ఒక్క ఫైలూ చెడకుండా సర్వరు లేచి కూర్చుంది. అంతలో యజమాని ఫోను. మామ తీసుకుని, "ఏం లేదు సార్. మిషను చూసిపోదామని పాప వచ్చింది, అంతే" అన్నాడు.

తరువాత టీ గ్లాసు నా చేతికిస్తూ అన్నాడు: "ఒట్టుదేముందిలే కోడలా, గుడికి పోయి చెంపలేసుకుంటే పాయె. నువ్వు దగ్గర లేకుండా నేను నొక్కినాక ఏమన్నా చెడిపోతే సార్ నన్నేమీ అనడు, ముసలోన్ని. నిన్ను తీసేస్తాడు."

టీ తాగేసి, మామ గ్లాసు కూడా నేనే కడిగిపెట్టి బస్సెక్కాను. ఇప్పుడు బోలెడు సర్వర్లు నా చేతి కింద ఉన్నాయి, ఏ కమాండైనా రెండుసార్లు చదివిగానీ ఎంటర్ కొట్టను. మామకు బుద్ధి చెప్పానని మురిసిపోయిన ఆ అమ్మాయి గుర్తొస్తే మాత్రం, పక్కన ఎవరున్నా సరే, నవ్వేస్తాను.