పేరు పెట్టని దగ్గు

తడి గోనెసంచి విప్పగానే తునికాకుల నుంచి ఒక వాసన వస్తుంది. సగం వాన మట్టిలా, సగం పచ్చి కట్టెలా ఉంటుంది. మొన్న బీడీ కార్మికులకు కట్టిన కుంభారి కాలనీలో ఆరోగ్యకేంద్రం పని మీద ఇల్లిల్లూ తిరుగుతుంటే ఒక గడపలో ఆ వాసన ఎదురొచ్చింది. రిజిస్టరు మూసి అక్కడే నిలబడిపోయాను. "ఏమైంది మేడమ్, జెర కూసుంటవా?" అని ఆ ఇంటావిడ అడిగింది. కూర్చున్నాను. ఆకులు నానబెట్టిన ఇల్లు ఎక్కడ కనబడినా నాకది అంబవ్వ పెద్దమ్మ ఇల్లే అనిపిస్తుంది, ఏం చేయను.

జోడ్‌భావి పేటలో అప్పట్లో మా గదికీ ఆమె గదికీ మధ్య ఒక్కటే గోడ. ఆమె మాకు చుట్టం కాదు, పిలుపు వరకే పెద్దమ్మ. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. పొద్దున్నే వాకిట్లో గోనెపట్టా పరిచి, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుట్టడానికి కూర్చునేది. కత్తిరించే ముందు ప్రతి ఆకునూ వెలుతురుకు పట్టి చూసేది, చిల్లుంటే పక్కన పడేసేది. అక్షరం ముక్క రాదు. మొహమాటమూ రాదు. మా వాడలో ఆడవాళ్లందరికీ ఆమె అంటే కొంచెం భయం, నాకు ఇంకాస్త ఎక్కువ. అయినా కాలేజీ నుంచి రాగానే కాళ్లు అటే నడిచేవి.

అమ్మ కూడా బీడీలు చుట్టేది, నాన్న దుప్పట్లు నేసే చాదర్ల కార్ఖానాలో పవర్‌లూమ్ నడిపేవాడు. నేను కాలేజీలో చేరినప్పుడు ఫోన్ కొనిచ్చాడు. అంతే, వాడలో సగం డాక్టరమ్మను అయిపోయాను. ఎవరికి కడుపు నొప్పి వచ్చినా, ఎవరి పిల్లకు జ్వరం తగిలినా "సునీ, జెర మొబైల్ల చూడు" అని వచ్చేవాళ్లు. నేను చూసేదాన్ని, గట్టిగా చదివేదాన్ని. మొదట ఏది కనబడితే అదే నాకు శాస్త్రం. ఉల్లిగడ్డ కోసి మంచం కింద పెడితే జ్వరాన్ని పీల్చేస్తుందని ఒకసారి ఎవరో పంపితే, వాకిట్లో కూర్చున్న నలుగురికీ చదివి వినిపించాను. పెద్దమ్మ చేతిలో ఆకు ఆపి అడిగింది.

"గిది ఎవలు రాసిండ్రు?"

"తెల్వది పెద్దమ్మా. ఒచ్చింది."

"ఒచ్చింది అంటే? పిల్లి లెక్క అదే నడుసుకుంట ఒచ్చిందా? చుట్టినోళ్ల కార్డు నంబర్ లేని బీడీ కట్టను కార్ఖానాల చెక్ చేసేటోడు ముట్టుకోడు. నువ్వు పేరు లేని దవాయి ముచ్చట పది మందికి పంచుతున్నవ్."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. రెండు రోజులు ఆమె వాకిలి తొక్కలేదు కూడా. మూడో రోజు ఆమే గోడ మీద తట్టి, "కోపం తగ్గినంక రా, అటుకులు చేసిన" అంది. వెళ్లాను. అటుకులు బాగున్నాయి, అది వేరే సంగతి.

ఆ చలికాలం అమ్మకు దగ్గు పట్టుకుంది. మా వాడలో దగ్గు వింత కాదు. రోజంతా పొగాకు పొడి ముక్కు దగ్గరే ఉంటుంది కాబట్టి బీడీలు చుట్టే ఆడవాళ్లు దగ్గుతూనే ఉంటారు. దానికి పేరు కూడా ఉంది, తంబాకు దగ్గు. అమ్మ కూడా అదే అంది. నేను ఫోన్ తీసి, పొగాకు పొడి వల్ల వచ్చే దగ్గుకు ఏం చేయాలి అని వెతికాను. బోలెడు దొరికాయి. మిరియాల కషాయం, ఉప్పునీళ్ల పుక్కిలింత, ముక్కుకు గుడ్డ, ఊపిరితిత్తులను కడిగేస్తుందని చెప్పే ఒక సీసా మందు. ఒక్కోటీ శ్రద్ధగా చేశాను. కూతురు డాక్టరు పని చేస్తోందని అమ్మకూ ముచ్చటగానే ఉండేది. కషాయం తాగడం, దగ్గడం, మళ్లీ చేట ముందు కూర్చోవడం. నెల దాటింది. అమ్మ జాకెట్లు వదులయ్యాయి. సన్నబడింది, మంచిదే కదా అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఒక సాయంత్రం అమ్మ బీడీ దారం చుడుతూ దగ్గింది. ఆగలేదు. పెద్దమ్మ గడప దాటి లోపలికి వచ్చి, అమ్మ మెడ మీద చేయి వేసి చూసింది.

"ఒళ్లు కాలుతున్నది. రోజు గిట్లనేనా?"

"పొద్దు గూకితే జెర వేడైతది అక్కా. తెల్లారితే కాయ్ నై, ఏం ఉండదు," అంది అమ్మ.

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు మొబైల్ల ఏమడిగినవ్?"

చెప్పాను. ఆమె నేల మీద కూర్చుంది. తిడుతుందనుకున్నాను. గొంతు తగ్గించి మాట్లాడింది.

"అది తంబాకు దగ్గని మొబైల్‌కు ఎవలు చెప్పిండ్రు? నువ్వే చెప్పినవ్. నువ్వు తంబాకు అంటే అది తంబాకు ముచ్చటనే చెప్తది. పేరు పెట్టకు బిడ్డా. కండ్లకు ఏం కనవడ్తున్నదో అదే చెప్పి అడుగు. ఎన్ని దినాలాయె, పొద్దు గూకంగ జ్వరం, బక్కగైంది. గంతే."

అలాగే రాశాను. నెల దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం. ఈసారి సీసాలు వెనక్కి పోయి వేరే పేజీలు ముందుకొచ్చాయి. ఒకటి ఇక్కడి సర్కారు భాష మరాఠీలో ఉంది, ఆరోగ్య శాఖది. పెద్దమ్మ నన్ను పై నుంచి కింది దాకా చదివించింది. ఎవరు రాశారో అడిగింది. ఎప్పటిదో అడిగింది. "ఆఖరికి ఏమన్న అమ్ముతుండ్రా?" అని అడిగింది. ఏమీ అమ్మడం లేదు. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించుకోవాలని, సర్కారు దవాఖానలో అది ఉచితమని ఉంది. కింద క్షయ అన్న మాట ఉంది.

అమ్మను ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. నానబెట్టిన ఆకు ఎండిపోతుందంది. దవాఖానలో ఎవరైనా చూస్తే నా పెళ్లికి అడ్డమంది. పెద్దమ్మ అమ్మ ఆకుల మూటను తన గోనెసంచిలో కలిపేసుకుని, "నీ ఆకు నేను చుడ్త. ఆటో ఎక్కు," అంది. పరీక్షలో క్షయ అని తేలింది. మాత్రలు మొదలుపెట్టారు. ఇంట్లో ఉన్నందుకు మమ్మల్ని కూడా పరీక్షించారు.

రెండు నెలలకు అమ్మకు ఆకలి తిరిగొచ్చింది, దాంతో పాటు మొండితనమూ. ఆ మాత్రలు కాలేయాన్ని తినేస్తాయని చెప్పే వీడియో ఒకటి ఎదురింటామె చూపించిందట. ఇక మింగనని కూర్చుంది. ఈసారి నేను పెద్దమ్మను పిలవలేదు. వీడియోను చివరిదాకా అమ్మకే చూపించాను. చివర్లో ఆ మనిషి ఒక పొడి డబ్బా పట్టుకుని, ఆర్డరు చేయమని నంబరు చెప్పాడు. తర్వాత మరాఠీ పేజీ తీసి, మాత్రలు మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుందని, ఒంట్లో తేడా కనబడితే డాక్టరుకే చెప్పాలని చదివాను. అమ్మ నీళ్ల చెంబు అందుకుంది.

ఆరు నెలల మందు పూర్తయి, జబ్బు లేదని డాక్టరు చెప్పిన రోజు నేను పెద్దమ్మకు పేడా మిఠాయి తీసుకెళ్లాను. "నీకు సదువు రాకపాయె, గీ తెలివి ఎక్కడిది?" అని ఆటపట్టించాను. ఆమె పేడా తినకుండా చేతిలోనే పట్టుకుంది.

"మా ఆయనది నూలు దుమ్ము దగ్గు అని నేనే అన్న," అంది. "మగ్గం మీద పనిచేసెటోళ్లకు అది మామూలే అనుకున్న. మూడు నెలలు కషాయం కాసిన. దవాఖానకు తీస్కపోయేసరికి చాలా లేటైంది. ఆ పేరు నేను పెట్టిందే."

"అప్పుడు నీకు మొబైల్ లేకుండె కద పెద్దమ్మా," అన్నాను.

"ఉన్నా నీ లెక్కనే పేరు పెట్టి అడుగుతుంటి," అంది.

పెద్దమ్మ పోయి నాలుగేళ్లయింది. ఆమె లేని వాడలో ఉండలేక కాదు గానీ, ఇల్లు మంజూరై మేమూ కుంభారికి వచ్చేశాం. కేంద్రంలో ఆడవాళ్లు ఫోన్లు పట్టుకొచ్చి ఇది చూడండి, అది చూడండి అంటారు. వెతికే గడిలో నా వేళ్లు ముందు జబ్బు పేరే రాయబోతాయి. ఆ మాట చెరిపేసి, ఎన్ని రోజులైంది, ఏం కనబడుతోంది అని అడుగుతాను. అంత జాగ్రత్త ఎందుకని కొత్తగా చేరినవాళ్లు నవ్వుతారు. ఆమె ఇంకొన్నాళ్లు ఉండి, వాళ్లనూ నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ఇవాళ మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసి వెళ్లానట. అక్కడ మొదలుపెట్టి, నా మతిమరుపు మీదుగా, మా నాన్న వంశం మొత్తాన్నీ చుట్టి వచ్చింది. చెవి దగ్గర నుంచి ఫోన్ తీయకుండా విన్నాను. అంతసేపు తిట్టింది గానీ, మధ్యలో ఒక్కసారి కూడా దగ్గలేదు.